పుట్టను కెలికితే

మా ఇంట్లో క్యాన్సర్ అన్న మాట ఎవరూ పలకరు. తరతరాలుగా పుదుచ్చేరిలో ఉంటున్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ జబ్బును తమిళంలో పుట్రునోయ్ అంటారు. పుట్రు అంటే పుట్ట. అమ్మ రొమ్ములో గడ్డ తేలి, సూదితో చిన్న ముక్క తీసి చూడాలని డాక్టరమ్మ చెప్పిన రోజున ఆ పుట్టే మా ప్రాణం మీదికొచ్చింది.

"పుట్టని కెలికితే ఊరికే ఉంటాదా పాపా? అరియాంకుప్పంలో మా పెద్దమ్మకి అట్లే కత్తి పెట్టినారు. ఒళ్ళంతా పాకిపోయె," అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పరిశోధన విద్యార్థిని. క్యాన్సర్ కణాలు ఎలా నడుస్తాయో చూడడమే నా పని. ఇంట్లో మాత్రం నా చదువు చెవిటివాడి ముందు ఊదిన శంఖం.

ల్యాబులో పళ్ళెం నిండా కణాలు పెంచి, మధ్యలో సన్నగా గీకి ఖాళీ చేసేవాళ్ళం. మరునాటికి రెండు వైపుల నుంచీ కణాలు నడిచొచ్చి ఆ ఖాళీని పూడ్చేసేవి. కణంలో ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులుంటాయి. వాటిని ఆడించే ప్రోటీన్లు వేరే. కొన్ని ఆ పోగులకు కొమ్మలు వేయిస్తాయి. కోఫిలిన్ లాంటివి పాత పోగుల్ని తెంచి, ఆ సరుకును కొత్త పోగులకు అందిస్తాయి. పోగులు పెరిగి నెట్టిన వైపు కణం అంచు ముందుకు సాగి పట్టుకుంటుంది, తర్వాత వెనక భాగాన్ని ఈడ్చుకుంటుంది. అచ్చం జలగే. గడ్డ సంగతి తెలిశాక ఆ అంచును ఎక్కువసేపు చూడలేకపోయేదాన్ని. గీకితేనే కదా ఇవి కదులుతున్నాయి, అమ్మ చెప్పిందే నిజమా అన్న పాడు ఆలోచన నాకూ వచ్చింది. గీకకపోయినా పాకుతాయని తెలిసీ వచ్చింది.

అమ్మ ఎడమచేత్తో బిందె ఎత్తడం మానేసింది. మెట్లు మెల్లగా దిగేది. దాన్ని నిద్రలేపకూడదట.

ఒక సాయంత్రం ఆమె చింతపండు పిసుకుతుంటే ఇక ఆగలేకపోయాను. "దాన్ని ఎవురూ కెలకాల్సిన పన్లేదు మా. దానంతట అదే నడస్తాది. ఇప్పుడు కూడా నడస్తా ఉంటాదేమో. నాకు బయంగా ఉండాది."

అమ్మ చేతులు ఆగాయి. "దినామూ వాటితోనే కదా ఉండావు. నీకే బయమా?"

"అవును మా."

"ఇన్నాళ్ళూ అరిస్తివి గానీ, ఈ మాట చెప్పకపోతివే," అంది. చేతులు కడుక్కుంది. మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాం.

గడ్డ మంచిది కాదని తేలింది. ఆపరేషన్ చేశారు. చంకలోని గ్రంథుల్లోకి చేరిందనీ, అవీ తీసేశామనీ, అంతకు మించి ఇప్పటికైతే ఏమీ కనబడలేదనీ డాక్టరమ్మ నాతో చెప్పింది. కనబడలేదు అనే అంది, లేదు అనలేదు. ఒక్క కణం జారుకుని ఎటో పోతే ఏ స్కానింగుకూ కనబడదు.

వార్డులో అమ్మ కళ్ళు తెరిచి అడిగింది.

"నడిచిందా పాపా?"

"చంకదాకా."

"ఆడ నిలిచిపోయిందా?"

"నిలిచిపోయింది మా," అన్నాను.

అమ్మ వెంటనే నమ్మేసింది. వాటి నడక గురించి నాకు తెలియనిదేముంటుందని.