ఆగిన పెళ్లి, అచ్చయిన పేరు

తొంభైల చివర్లో, ఎన్నికలకు ముందు వేసవిలో, నన్ను మా పత్రిక కడప డెస్కు నుంచి జమ్మలమడుగుకు స్టాఫ్ రిపోర్టరుగా వేశారు. భార్య ఉద్యోగం కడపలోనే. నేను బస్టాండు దగ్గర ఒక గది తీసుకున్నాను; అదే ఇల్లు, అదే ఆఫీసు. వార్తలు కవరులో పెట్టి మధ్యాహ్నం బస్సులో కండక్టరు చేతికిస్తే సాయంత్రానికి డెస్కుకు చేరేవి. ఊళ్లో రెండు పార్టీలు, రెండు వర్గాలు. ఎవరితో కూర్చుని టీ తాగినా అవతలివాళ్లకు శత్రువునే. అందుకని ఒంటరిగానే తాగేవాణ్ని.

ఒక ఉదయం ఒక వర్గం మనిషి గదికి వచ్చాడు. దగ్గర పల్లెలో పద్నాలుగేళ్ల పిల్లకు మరునాడు పెళ్లని, తండ్రి అవతలి పార్టీ బూత్ ఏజెంటని చెప్పాడు.

"రాయి సార్. వాళ్లు ఎట్లాంటి పనులు చేస్తాండారో జనాలకు తెల్లాల" అన్నాడు.

మండల రెవెన్యూ అధికారికి చెప్పి, ఆయన జీపులోనే వెళ్లాను. అప్పటికే పందిరి వేస్తున్నారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయనని పిల్ల తండ్రి చేత ఆ అధికారి కాగితం రాయించుకున్నారు. ఆ తండ్రి గొర్రెల కాపరి.

"నేను గొర్లెంబడి నెల్లకొద్దీ పోతా. ఊర్లో ఎప్పుడు బాంబులేసుకుంటారో తెలీదు. ఎదిగిన పిల్లను ఎవురికి అప్పజెప్పి పోవాల సార్?" అని నన్ను అడిగాడు.

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను, వార్తలో రాయలేదు. పార్టీ సంగతి ముందుకు తెస్తే జిల్లా మొదటి పేజీలో వేస్తామని డెస్కు వాళ్లు ఫోన్లో చెప్పారు. తెచ్చాను. పిల్ల పేరు, ఊరు, బడి, ఫోటో కూడా ఇచ్చాను.

తర్వాత నాలుగు రోజులు ఇరువర్గాల ఖండనలే. చట్టం ఏం చెబుతుందో ఒక్కరూ మాట్లాడలేదు. అందరి నోటా ఆ పిల్ల పేరే.

బడులు తెరిచాక ఆ అమ్మాయి తల్లితో కలిసి నా గదికి వచ్చింది. తల్లి గడప బయటే నిలబడింది.

"పెండ్లి ఆగినందుకు నాకు సంతోషమే సార్. పేరెందుకు రాసినారు? బడికాడ అందురూ పేపర్ పెండ్లికూతురా అని పిలుస్తాండారు. నేనింక పోను" అంది.

తప్పయిందని పేపర్లో రాస్తానన్నాను.

"మళ్లా నా పేరు వేస్తారా?" అని అడిగింది.

వాళ్లు వెళ్లిపోయాక ఆ రోజు కవరు పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పుకోవడానికి ఆ ఊళ్లో నాకు మనిషి లేడు.

ఆమెను జిల్లాలోనే ఖాజీపేట దగ్గర మేనమామ ఇంటికి పంపారు. ఆరు నెలల తర్వాత రెవెన్యూ ఆఫీసు అటెండరు చెప్పాడు, అక్కడే ఆమె పెళ్లి అయిపోయిందని. "ఈతూరి పందిరి గూడా వేయలేదంట సార్" అన్నాడు. ఆ వార్త నేను రాయలేదు.

ఆ తర్వాత ఇలాంటి వార్తల్లో పిల్ల పేరు, ఊరు వేయలేదు. ఇప్పుడు ఇది చెబుతూ కూడా రాయను. కబురు తెచ్చినవాడు ఎందుకు తెచ్చాడో ముందు విచారించేవాణ్ని. తండ్రి భయాన్ని మొదటి పేరాలోనే పెట్టేవాణ్ని. అలాంటి వార్తలు లోపలి పేజీలకే పోయేవి. ఆ పల్లెకు చట్టం సంగతి మొదట చేరింది ఆ జీపుతో, నా వార్తతో. చేరిన తీరు చూసి, చట్టమంటే అవతలి పార్టీ ఆయుధమని పల్లెవాళ్లు అనుకున్నారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పు లేదు.