కుడివైపు పీట

కొత్తవాడలో జంపఖానా మగ్గం ఒక్కరితో నడిచేది కాదు. అంత వెడల్పు. ఇద్దరు గుంటలోకి కాళ్లు దించి పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పేక నూలును సగం దాకా తోస్తే రెండోవారు అందుకుని అంచుకు చేర్చాలి. ఆపైన ఇద్దరూ పంజాలతో, అంటే పోగును దగ్గరికి కొట్టే ఇనుప పళ్ల దువ్వెనలతో, ఒక్కసారే దెబ్బ వేయాలి. ఒక దెబ్బ ముందూ ఒకటి వెనకా పడితే జంపఖానా వంకరపోతుంది. అందుకే వెంకటరాజం మగ్గం మీద ఒక కట్టు ఉండేది. పెద్దవాడు కుడివైపు కూర్చుంటాడు, దెబ్బ అతనిది. ఎడమవైపు వాడు ఆగి, అతని చెయ్యి చూసి కొడతాడు.

ఆ ఎడమవైపు వాడు మొగిలి, వెంకటరాజం బామ్మర్ది. మీసాలు రాకముందే ఆ పీట మీద కూర్చున్నాడు.

నూలు రంగు చేతులకు అంటుకుంటే పొద్దున్నే భద్రకాళి చెరువులో దిగి కడుక్కునేవాడు, దిగినవాడు అవతలి గట్టు చూసిగాని వచ్చేవాడు కాదు. నేసిన సరుకు కట్టలు సైకిలు క్యారియర్‌కు కట్టి హనుమకొండ, కాజీపేట దుకాణాలకు వేసి వచ్చేవాడు. శివరాత్రికి పాలకుర్తి సోమేశ్వరస్వామి గుట్టకు అందరూ బస్సులో పోతే తను ఉరుక్కుంటూ పోయేవాడు. ఎవరూ నేర్పింది కాదు. దేవుడు ఒకరికి గొంతు ఇస్తాడు, ఒకరికి చెయ్యి ఇస్తాడు. మొగిలికి ఊపిరి ఇచ్చాడు.

డెబ్బై తొమ్మిదిలో హనుమకొండ యువజన సంఘం వాళ్లు మూడాటల పందెం పెట్టారు. ముందు ఈత, తరవాత సైకిలు, చివర పరుగు. మూడూ కలిపి మధ్యాహ్నానికల్లా అయిపోయే చిన్న పందెం. మొగిలి క్యారియర్ సైకిలు తోసుకుంటూ పోయి నిలబడ్డాడు. సంఘం పిల్లగాడొకడు చూసి, "వచ్చినవానే? జర ఆ స్టేజి మీద ఎయ్యి, పెద్దోళ్లు కూసుంటరు" అన్నాడు.

"ఏమెయ్యాలె?"

"జంపఖానా తేలేదా మరి?"

"నేను పరువనీకి రాలే తమ్మీ, ఉరుకనీకి వచ్చిన."

నలుగురూ నవ్వారు. పందెం అయ్యాక నవ్వినవాళ్లే భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ ఏడాది మొదలు కరీంనగరంలో, ఖమ్మంలో ఎక్కడ చిన్న పందెం పెట్టినా మొదట వచ్చేది కొత్తవాడ మొగిలే. అతను పోయిన రోజు మగ్గం ఆగేది. జోడీ లేకుండా వెంకటరాజం ఏం నేస్తాడు? అయినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆగిన రోజున కూర్చుని నూలు చుట్టుకునేవాడు.

ఎనభై మూడులో పెద్ద పందెం వచ్చింది. వడ్డేపల్లి చెరువులో ఈత, అక్కణ్ణుంచి సైకిలు మీద పాలకుర్తి, పాలకుర్తి గుట్ట కింద సైకిలు వదిలి స్టేషన్ ఘన్‌పూర్ దాకా పరుగు. కాజీపేట రైల్వే క్వార్టర్ల కట్టయ్య కూడా దిగాడు. సన్నటి చక్రాల సైకిలు, కాళ్లకు బూట్లు. మంచివాడే, దారిలో మొగిలి గొంతు ఎండితే తన సీసాలో నీళ్లు పోసినవాడు.

పరుగులో సగం దూరం పోయేసరికి ఇద్దరూ పక్కపక్కకు వచ్చారు. కట్టయ్య కుడివైపు, మొగిలి ఎడమవైపు. అక్కడే ఏదో అయింది. కట్టయ్య అడుగు తగ్గిస్తే మొగిలి అడుగు తగ్గింది. కట్టయ్య ఊపిరి పీల్చుకుంటే మొగిలి ఆగాడు. ఒంట్లో సత్తువ ఉంది, కాళ్లు మాత్రం పక్కవాడి కోసం చూస్తున్నాయి. ఊరు కనపడగానే కట్టయ్య ఒక్కసారిగా ముందుకు లంఘించాడు. మొగిలి తేరుకునేలోపు పందెం అయిపోయింది.

వాడలో నోళ్లు ఊరుకోలేదు. "పక్కోనికి తోడు పోయిండట, సాగనంప" అని ఒకరంటే, "పోనీతియ్, మగ్గం గుంటల కాళ్లు గంతదూరం ఏం సాగుతయ్" అని ఇంకొకరు. మగ్గమూ నూలూ ఇచ్చి నేయించుకునే ఆసామి బాలకిషన్ అయితే మగ్గం దగ్గరికే వచ్చాడు.

"దగ్గరి పందేల పులివిరా నువ్వు, నేను కాదంటలేను. దూరం మనకు రాదు. నీ ఉరుకుడు కోసం నా మగ్గం ఆగుడు ఇగ బంద్. మళ్ల గా పెద్ద పందానికి పోయినవంటే నీ పీట మీద ఇంకొకన్ని కూసోపెడ్త."

మొగిలి పంజా కింద పెట్టలేదు. "కూసోపెట్టు సేటూ. వచ్చే యాడాది గూడ పోత. గెలిచే వస్త" అన్నాడు.

ఆసామి పోయాక బావతో మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. "బావా, బలం లేక కాదే. ఆడు పక్కకు రాంగనే నాకు నువ్వే కూసున్నట్టయింది. ఆని దెబ్బ కోసం చూసిన."

వెంకటరాజం చాలాసేపు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లవారి మొగిలి వచ్చేసరికి బావ ఎడమ పీట మీద కూర్చుని ఉన్నాడు.

"జరుగు బావా, నా జాగ."

"నీ జాగ అటుదిక్కు. పోయి కూసో."

"కుడిదిక్కా? పెద్దోనివి నువ్వుండంగనా? నలుగురు ఉమ్మేస్తరు."

"ఉమ్మితే తుడుసుకుంట. ఇన్నేండ్లు నీకు ఆగుడు నేర్పింది నేనే. గది ఇడిపిచ్చేది గూడ నేనే. కొట్టు, నేను చూస్త."

పెద్దవాడు చిన్నవాడి చెయ్యి చూసి కొట్టడం ఆ వాడలో ఎవరూ ఎరగరు. దారిన పోయేవాళ్లు గుమ్మంలోకి తొంగిచూసి పోయేవారు. వెంకటరాజం తల ఎత్తేవాడు కాదు. మొగిలి చెయ్యి మొదట్లో గాలిలోనే ఆగిపోయేది, బావ వైపు చూసేవాడు. "నా మొఖంల ఏమున్నదిరా? పోగు చూడు" అని కసిరేవాడు వెంకటరాజం. మొదటి జంపఖానా పాము నడకలా వచ్చింది. ఆసామి తీసుకోనన్నాడు. మొగిలి అక్క అనసూర్య దాన్ని చంకన పెట్టుకుని, "మా ఇంట్ల ఏసుకుంటం. వంకరదాని మీద పండుకుంటే నిద్ర గూడ వంకర వస్తదా?" అని తీసుకుపోయింది.

వానలు వెలిసేసరికి మొగిలి చెయ్యి ఎవరి కోసమూ ఆగడం మానింది.

మరుసటి ఏడు మళ్లీ అదే చెరువు, అదే దారి. ఆసామి తన మాట మళ్లీ చెప్పి పంపాడు. మొగిలి సోమేశ్వరునికి దండం పెట్టుకుని నీళ్లలో దిగాడు. ఈతలో ముందున్నాడు, సైకిలు మీద కట్టయ్య దాటేశాడు, పరుగులో మొగిలి అందుకున్నాడు. దారి పక్క గుడిసెలో బక్కమ్మ అనే ముసలమ్మ ఉండేది. మొగిలి ఉరుక్కుంటూ పాలకుర్తి పోయే ప్రతి శివరాత్రికీ ఆమె గుడిసె ముందే ఇంత నీళ్లు తాగేవాడు. ఆనాడు సత్తు గిన్నెలో అంబలి పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. "తాగు బిడ్డా, ఉరుకుడు యాడికి పోతది" అంది. ఆమె మాట తీసెయ్యలేక మొగిలి నిలబడి తాగాడు. ఇంకో గిన్నె కట్టయ్యకూ ఇచ్చింది ఆ తల్లి. ఆమెకు పందెం సంగతి పట్టదు, ఎండ సంగతే పడుతుంది.

అట్లా ఇద్దరూ మళ్లీ పక్కపక్కనే బయలుదేరారు. కట్టయ్య కుడివైపు. మొగిలి కాళ్లకు పాత బుద్ధి పుట్టింది, అడుగు అడుగుకూ పక్కకు చూడబోయాయి. అప్పుడు మొగిలి పందెంలో ఎవరూ చేయని పని చేశాడు. ముందుకు పోవడానికి బదులు, వెనకగా చుట్టి తిరిగి కట్టయ్యకు కుడివైపు వచ్చాడు. వచ్చి, పోగు మీద పంజా వేసినట్టు అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. పక్క చూడలేదు. కాసేపటికి పక్క నుంచి వచ్చే అడుగుల చప్పుడు తన అడుగుల మీదే పడటం వినపడింది. అప్పుడు దెబ్బ పెంచాడు. మళ్లీ పెంచాడు. ఘన్‌పూర్ స్టేషన్ కనపడేసరికి ఆ చప్పుడు చాలా వెనక ఉంది.

చెట్టు నీడన కూలబడి కట్టయ్య అన్నాడు: "ఏం చేసినవే అన్నా? నా కాళ్లు నీ లెక్కన పడ్డయి. నా ఊపిరి నాకు దొరకలే."

"మా బావ నేర్పిండు తమ్మీ" అని మొగిలి అతని కాళ్లు పిసికాడు. ఇద్దరూ ఒకే రైలెక్కి వచ్చారు.

తెల్లవారి మొగిలి వచ్చేసరికి ఆసామి అన్నంత పనీ చేశాడు. కొత్తవాణ్ణి వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెంకటరాజం ఎడమ పీట మీద కూర్చుని పంజా తుడుచుకుంటున్నాడు.

"గెలిచిండట, సంతోషమే" అన్నాడు ఆసామి. "మాట మాటనే. ఈనె కూసుంటడు."

"కూసోమను సేటూ. కుడిదిక్కు మొగిలి, ఎడమదిక్కు నేను. ఈనె నడుమ కూసుంటడా, మీద కూసుంటడా?"

కొత్తవాడికి నవ్వు ఆగలేదు. "నేను పోత సేటూ, ఈళ్ల నడుమ నేనేంది" అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆసామి ఏదో అనబోయి, "అంచు వంకర వస్తే మాత్రం తీసుకోను" అని మెట్లు దిగాడు.

మొగిలి కుడివైపు పీట మీద కూర్చున్నాడు. పంజా ఎత్తి, "కొట్టనా బావా?" అన్నాడు.

"మళ్ల అడుగుతానవ్!" అన్నాడు వెంకటరాజం. "కొట్టు."