పేజీ అడుగున పెరగని లైను

మా తెలుగు సంఘం సెక్రటరీ ల్యాప్‌టాప్ కొన్నాక మా భవనం గోడల మీద సున్నం కనిపించడం మానేసింది. అన్నీ నోటీసులే. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో ఒక నోటీసు. మెట్ల మీద చెప్పులు విప్పకూడదని ఒక నోటీసు. నోటీసులు చదవకపోతే ఏమవుతుందో ఇంకో నోటీసు. ప్రతి కాగితం మీదా పైన అధ్యక్షుడి పేరు గుమ్మడికాయంత, దాని కింద సెక్రటరీ పేరు కొబ్బరికాయంత, కోశాధికారి పేరు నిమ్మకాయంత, అసలు విషయం ఆవగింజంత. అధ్యక్షుడికి ముప్ఫై ఆరు సైజు, తనకు ముప్ఫై నాలుగు అని సెక్రటరీయే ఒకసారి అన్నం తింటూ నాకు చెప్పాడు. ఒక నోటీసులో పొరపాటున తన పేరు అధ్యక్షుడి పేరు కంటే పెద్దదైపోతే, రెండు వారాలు వాళ్లిద్దరికీ మాటల్లేవు. నా దగ్గర భోజనానికి వచ్చి ఒకడు ఈ గోడకు, ఇంకొకడు ఆ గోడకు తిరిగి కూర్చునేవారు. మధ్యలో పప్పుచారు గిన్నె చల్లారిపోయేది.

నేను ఆ భవనం కింది గదిలో వంట చేస్తాను. సూరత్ మగ్గాల మిల్లుల్లో పనిచేసే మా తెలుగువాళ్లు నలభై యాభై మంది నా చేతి కూడే తింటారు. మా ఆయన కూడా మగ్గం మనిషే. ఆ చప్పుడుకు చెవులు రెండూ పోయి పని మానేస్తే, అప్పటి సంఘం పెద్దలు ఈ గది ఇచ్చి, ముందు వండుకోండి, వెనుక ఉండండి అన్నారు. ఇరవై ఏళ్ల కిందటి మాట. వాళ్లు కాగితం అడగలేదు, మేమూ అడగలేదు. నిరుడు మా ఆయన పోయాడు. పొయ్యి ఆరింది పదకొండు రోజులే. పన్నెండో రోజు నేనే వెలిగించాను.

నా చదువు రెండో తరగతి. తెలుగు అక్షరాలు వచ్చు, కానీ పలక మీద రాసినంత పెద్దగా ఉండాలి. కళ్లజోడు పెట్టించుకోమని అందరూ సలహాలిస్తారు. కళ్లకేం రోగం లేదు, బియ్యంలో రాయి ఇప్పటికీ ముందు నాకే కనబడుతుంది. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివే మనిషిని. వేలి కింద ఒక్క అక్షరమే ఉండాలి. సన్న అక్షరాలైతే నా వేలి కింద మూడు మాటలు పడి చస్తాయి. ఇదంతా కూడా నేను నోటితోనే చెబుతున్నాను, రాసేది మా చెల్లెలి కూతురు. నా తిట్లు కొన్ని అది మింగేస్తోంది. మింగనీ.

ఆయన పోయి ఏడాది కావస్తుండగా సెక్రటరీ ఒక పొద్దున మూడు పేజీల కాగితం పిన్ను కొట్టి తెచ్చాడు. మా ఆయనను అన్న అని పిలిచేవాడు కాబట్టి నన్ను వదినె అంటాడు.

“వదినె, ఇన్ని దినాలు అన్న మొఖం జూసి నడిచింది. ఇగ నీ పేరు మీద ఒక కాయితం ఉండాలె గదా. రేపు ఎవడన్న అడిగితే ఏం జెప్తం? నీకోసమే కూసొని రాసిన.”

గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి తనే చదివి వినిపించాడు. పరదేశంలో కార్మికుల ఆకలి తీర్చిన తల్లి అని ఉంది. ఆమె చేతి వంట సంఘానికి గర్వకారణం అని ఉంది. ఆమె జీవించినంత కాలం ఈ వంటశాల నడుపుకొనును, ఈ గదిలోనే నివసించును అని ఉంది. నిజం చెప్పాలంటే నా కళ్లు తడిశాయి. ఉల్లిపాయలు కూడా కోస్తున్నాననుకోండి.

“ప్రతి పేజీ మీద ఒక సంతకం పెట్టు, అయిపాయె,” అన్నాడు.

“పెడత. జర పెద్ద అక్షరాలల్ల రాసియ్యి. నేను సదువుకుంట.”

“నువ్వు సదువుతవా?” ఆయన నవ్విన నవ్వుకు పొయ్యి మీది పాలు పొంగాయి. “వదినె, ఆఫీసు కాయితం పన్నెండు సైజుల్నే ఉండాలె. అది పద్ధతి.”

“అధ్యక్షుని పేరుకు ముప్ఫై ఆరు పెట్టుడు ఏం పద్ధతి?”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. “సరే, ఫైలు నీ ఫోనుకు పంపుత. పెద్దగ జేస్కుంటవో, గోడకు అతికిచ్చుకుంటవో నీ ఇష్టం. వచ్చే ఐతారం నాటికి సంతకం గావాలె,” అన్నాడు. పంపాడు కూడా. నేను చదవలేనని ఆయనకు గట్టి నమ్మకం. దానికి తోడు, ఆయన చేసిన ఫైలు కావాలని లోకంలో ఒకరు అడగడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో మనిషికి వెనుకా ముందూ తెలియదు.

మా వీధి మలుపులో జిరాక్స్ దుకాణం ఉంది, ఫోను పట్టుకుని అక్కడికి పోయాను. అక్కడ కూర్చునేది గుజరాతీ పిల్ల, నన్ను మాసీ, అంటే పిన్ని, అంటుంది. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలో, ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

“ఎంత పెద్దగా చేయాలి మాసీ?”

నేను చూపుడువేలు దాని కంప్యూటర్ మీద ఆనించాను. “ఇంత.”

అది పకపకా నవ్వి, రెండు మీటలు కలిపి నొక్కింది. పేజీ మొత్తం నీలం రంగు పూసుకుంది. ఏదో అంకె కొట్టింది. మూడు పేజీలు కాస్తా పదిహేడయ్యాయి. “మాసీ, పదిహేడు! రామాయణంలా ఉంది,” అని బెదిరింది. “కానివ్వు,” అన్నాను.

అచ్చయిన పదిహేడు కాగితాలూ దుకాణం బల్ల మీద పరిచాను. రాత్రంతా నానిన శనగల్లా అక్షరాలు బాగా ఉబ్బాయి. కానీ నానబెట్టిన శనగల్లో ఒక్కో గింజ ఎంత నీళ్లు పోసినా ఉబ్బదు, రాయిలా మిగిలిపోతుంది. తినేవాడి పన్ను విరిగేది దానితోనే. వంట చేసేదాని కన్ను ముందు దాని మీదికే పోతుంది. అలాగే ప్రతి పేజీ అడుగునా ఒక లైను ఉబ్బకుండా ఉండిపోయింది. చీమలు బారులు తీరినట్టుంది. నల్లగా కూడా లేదు, బూడిద రంగు.

“ఇదెందుకు పెరగలేదే?”

“అది ఫుటర్ మాసీ. పేజీ వేరు, అది వేరు. పైనున్నదంతా పట్టుకుని పెద్దది చేసినా దానికి అంటదు. మామూలుగా అక్కడ పేజీ నంబరు ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది. ఎవరూ చూడరు.”

“పేజీ నంబరు ఇంత పొడుగుంటుందా?”

పిల్ల వంగి చూసింది. “నంబరు ఈ మూలన ఉంది. ఈ లైను వేరే ఏదో. సైజు... ఆరు. ఇంత చిన్నది ఎవరు పెడతారు? ఏం రాశారో మరి, మీ భాష.”

“దాన్ని కూడా ఉబ్బించు.”

ఆ లైను మీద టకటకా రెండుసార్లు నొక్కింది. చిత్రం చూడండి, పైనున్న పొగడ్తలన్నీ పాత చీరలా వెలిసిపోయాయి, అడుగు లైను ఒక్కటీ చిక్కబడింది. అలా నొక్కితే దాని లోపలికి పోయినట్టట. నా వేలంత చేసి అచ్చు వేసిచ్చింది. దుకాణం బెంచీ మీద కూర్చుని వేలు పెట్టాను. ముగ్గురు మనుషులు వచ్చి పనులు చూసుకుని పోయారు. నేను ఆ ఒక్క లైను మీదే ఉన్నాను. ‘తాత్కాలికం’ అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగాను. చివరికి మొత్తం నోటికి వచ్చింది. ‘ఈ ఏర్పాటు తాత్కాలికం. కమిటీ కోరిన ఏడు రోజులలో గది ఖాళీ చేయవలెను.’

అప్పుడు అర్థమైంది సెక్రటరీ బావమరిది సంగతి. ఈ ఊళ్లోనే అడాజన్‌లో కర్రీ పాయింట్ పెట్టి ఆరు నెలల్లో మూసుకున్న మొనగాడు ఆయన. ఈ మధ్య నాలుగుసార్లు వచ్చి నా గదిని టేపు పెట్టి కొలిచాడు. బండలు వేయిస్తారేమో అనుకున్నాను. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. టీ కూడా పోశాను.

ఇంటికి పోయి ఏడవలేదు. మిగతా పేజీలు కూడా నాలుగు రోజులు కూర్చుని చదివాను. పదిహేడు పేజీల్లోనూ ఒక్క చెడ్డమాట లేదు. నన్ను తల్లి అన్నాడు, అన్నపూర్ణ అన్నాడు, జీవించినంత కాలం అన్నాడు. నెత్తి మీద పూలు పోసి, కాళ్ల కింది చాప లాగే పని ఎంత నీటుగా చేశాడో! శనివారం మళ్లీ జిరాక్స్ పిల్ల దగ్గరికి పోయాను.

“పైదంతా ఆరు చేయి. పేర్లు కూడా ఆరే. అడుగుది ముప్ఫై ఆరు చేయి.”

“మాసీ, ఫార్మాట్ పాడవుతుంది!”

“పాడవనీ.”

మూడు పేజీల పొగడ్త ఒక్క పేజీలో సగానికి నలిగిపోయింది. కింద మాత్రం ‘ఖాళీ చేయవలెను’ అని గుమ్మడికాయలు. ఆదివారం గంజితో దాన్ని చేతులు కడిగే నల్లా పక్కన అతికించి, అన్నం దింపాను.

సెలవు రోజు కాబట్టి ఊరి బయటి సచిన్ పేట మిల్లుల వాళ్లు కూడా వచ్చారు. చేతులు కడుగుతూ ఒక్కొక్కడూ ఆగిపోతున్నాడు.

“ఏందత్తా గిది? ఖాళీ జేస్తున్నవా?”

“నేనేడ జేస్తున్న బిడ్డా. సెక్రటరీ సారు జేపిస్తుండు. పైన నన్ను మస్తు పొగిడిండు, అది గూడ సదువు.”

“పైది కండ్లకు ఆనుతలేదు.”

“నాకు కిందిది గట్లనే ఆనలే.”

అంతలో సెక్రటరీ, అధ్యక్షుడు కలిసే వచ్చారు. గోడ మీద కాగితం చూసి సెక్రటరీ నెత్తి పట్టుకున్నాడు. దొరికిపోయానని కాదు.

“ఎవలు జేసిన్రు గిది? ఫార్మాటంత ఖరాబ్ జేసిన్రు! ముప్ఫై ఆరుల ఫుటర్ లోకంల ఏడన్న ఉంటదా?”

అధ్యక్షుడు జేబులోంచి కళ్లజోడు తీసి, ముక్కు గోడకు ఆనించి వెతుకుతున్నాడు. “నా పేరేది?”

“గీడ ఉంది సారు,” అని ఒకడు చిటికెనవేలి గోరు ఆనించి చూపాడు. ఆయన మొఖం చూడాలి. నా గది పోతుందన్న లైను ఎదురుగా ఉంది, అది ఆయన కంట పడనే లేదు. “ఆరు సైజా? నాకా?” అన్నాడు.

“గా పెద్దది సదువున్రి సారు,” అన్నారు నలుగురైదుగురు. అప్పుడు చదివాడు. చదివి సెక్రటరీ వైపు తిరిగాడు. “గిది నాకు జెప్పలే గదనయ్యా నువ్వు.” చెప్పాడో లేదో దేవుడికి తెలుసు, మొదట నాకు తెచ్చిన కాగితం మీద సంతకం మాత్రం ఈయనది కూడా ఉంది.

“ఊకెనే ఫార్మాట్ వదినె,” అన్నాడు సెక్రటరీ. “ప్రతి కాయితానికి కింద ఏదో ఒకటి ఉంటది.”

“ఊకెనే ఉండేదైతే తీసెయ్యి.”

“తీస్తే పేజీ బోసిపోతది.”

“నా మొఖం జూడు. ఏడాదాయె బోసిపోయి. దుకాణం నడుస్తనే ఉంది.”

తింటున్న వాళ్లలో పెద్దాయన ఒకరు కంచం పక్కకు జరిపి, “పోయి నీ డబ్బా తెచ్చుకో సారు. గా లైను తీసేదాక మేం లేవం, నువ్వు తినవు,” అన్నాడు.

ల్యాప్‌టాప్ వచ్చింది. అరటిపళ్ల బుట్ట జరిపి బల్ల మీద పెట్టాడు. టకటక నొక్కి లైను చెరిపి, “అయిపాయె,” అని మూత వేయబోయాడు.

“రెండో పేజీ జూపెట్టు.”

రెండో పేజీలో అలాగే ఉంది. మొదటి పేజీకి ఫుటర్ వేరుగా ఉండేలా గొప్పకు పెట్టుకున్నాడట. దాన్నీ చెరిపాడు. మూడో పేజీ చూపించమన్నాను. అక్కడా ఉంది. సరి పేజీలకు ఒకటి, బేసి పేజీలకు ఒకటి అని కూడా పెట్టుకున్నాడట. మూడు పేజీల కాగితానికి మూడు రకాల పాదాలు! నేర్చుకున్న విద్య అంతా నా మీదే చూపించాడు మహానుభావుడు. వాటిలో ఏది ఎక్కడ పెట్టాడో తనకే గుర్తు లేక చెమటలు పట్టి, నా కొంగు వైపు చూశాడు, తుడుచుకోవడానికేమో. నేను గిన్నెలు దింపే మసిగుడ్డ ఇచ్చాను.

కొత్త కాగితం జిరాక్స్ దుకాణంలో నేనే నిలబడి వేయించుకున్నాను. పన్నెండు సైజే, మూడే పేజీలు. పైదంతా నా వేలు నాలుగు రోజులు నడిచిన దారే కాబట్టి మళ్లీ ఉబ్బించే పని లేదు. అడుగున పేజీ నంబరు తప్ప ఏమీ లేదు. అందరి ముందూ అధ్యక్షుడు సంతకం చేశాడు, సెక్రటరీ చేశాడు. పెన్ను నాకు ఇచ్చి గీత చూపించాడు.

నేను గీత వదిలేసి పేజీ అడుగుకు పోయాను.

“గాడ గాదు వదినె, గీత మీద!”

“గీత మీద గూడ పెడత. ముందుగాల్ల గీడ.”

ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, నా పేరు, ఇంటిపేరు, మా ఆయన పేరు, చోటు మిగిలితే మా నాన్న పేరు కూడా రాశాను. చీమ దూరే సందు లేకుండా మూడు పేజీలూ అలాగే నింపాను. పేజీ నంబర్లు నా పేరు కింద పడి నలిగిపోయాయి. నంబర్లు కనబడటం లేదని సెక్రటరీ గొణిగాడు. మూడు దాకా లెక్క నాకు వచ్చు అని చెప్పి, ఆయనకు కంచం పెట్టాను.