రాకెట్ కాలు

నర్మెట్ట దగ్గరి తండాలో అందరూ ఆమెను రాకెట్ కాలు మంగ్లీ అనేవారు. ఆ పేరుకు ఆమె ఎన్నడూ కోపగించుకోలేదు. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాలిని చచ్చుబడేట్టు చేసి పోయింది. బడి ఈడుకు జనగామ వైద్య శిబిరంలో కాలికి ఆసరాగా ఇనుప కడ్డీల క్యాలిపర్ తొడిగారు. అది ఆమె కాలికన్నా బరువు. ఇంట్లో ఉంటే విప్పి మూలన పెట్టేది, నేల మీద పాకేది. అట్లా విప్పి ఉన్న ఓ మధ్యాహ్నం పక్క గుడిసె అంటుకుని మంటలు వీళ్లింటికి పాకాయి. తల్లి లచ్చి చేనులో ఉంది. మోచేతుల మీద పాకుతూ మంగ్లీ వాకిట్లో పడేసరికి వెనక కప్పు కూలింది. బొబ్బలు మానాయి. పరుగెత్తాల్సి వస్తుందేమోనన్న భయం మాత్రం ఆమె ఒంట్లోనే ఉండిపోయింది.

ఇంటర్ చదివేటప్పుడు ఒక డాక్టరు ఆమెను హైదరాబాద్ పంపాడు. అక్కడ ఆయుధాల ప్రయోగశాల ఒకదానిలో కొందరు ఇంజినీర్లు రాకెట్లకు వాడే పోగుల గుడ్డను జిగురులో తడిపి, అచ్చు పోసి, పుల్లలా తేలికైన క్యాలిపర్లు చేస్తున్నారు. వాళ్లలో ఒకడు, మొగుళ్లపల్లి నుంచి వెళ్లి చదువుకున్న యుగేందర్, ఆమె కాలికి స్వయంగా కొలత తీసుకున్నాడు. దాన్ని తొడుక్కుని మంగ్లీ చదువు ముగించింది, అంగన్‌వాడీ టీచరైంది, పిల్లల్ని చంకనెత్తుకుని నడిచింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె సాగుతున్నప్పుడు ఒకనాడు ఆమె కూడా జనగామ ఊరేగింపుకు వెళ్లింది. పోలీసులొస్తున్నారని ఎవరో అనగానే జనం విరగబడి పరుగెత్తారు. మంగ్లీ పరుగెత్తలేకపోయింది. ఎవరి మోకాలో తగిలి పడింది. లేచి నిలబడినప్పుడు తొడ దగ్గర సన్నగా చిట్లిన చప్పుడు వినిపించింది. ఇంటికొచ్చి చూస్తే క్యాలిపర్‌కు నిలువునా పగులు. తల్లికి చెప్పలేదు. ఆ రోజు నుంచి అడుగు తీసి అడుగు వేయాలంటే చెవులు కాలి దగ్గరే. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం మానేసింది.

బస్సులు బందు. అన్న బలరాం భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసేవాడు. సమ్మె వల్ల ఇంట్లోనే ఉన్నాడు. బండి మీద ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాడు. దారిలో పోలీసులు ఆపారు. మహిళా కానిస్టేబుల్ చేతికి చీర కింద ఏదో గట్టిగా తగిలింది. ఏమిటని అడిగితే, బలరాం అమాయకంగా, రాకెట్ సామానుతో చేసిందని చెప్పాడు. ఇద్దరు పోలీసులు దగ్గరికొచ్చారు. విప్పమంటారేమో, విప్పి తీసుకుపోతారేమో, ఈ రోడ్డు మీద పాకాల్సి వస్తుందేమో. మంగ్లీ తనే చీర మోకాలి దాకా ఎత్తింది. సన్నటి కాలిని చూసి కానిస్టేబుల్ తల తిప్పుకుని పొమ్మంది.

ప్రయోగశాల గేటు లోపలికి వాళ్లను రానివ్వలేదు. కబురందుకుని యుగేందరే బయటికొచ్చాడు. జుట్టంతా నెరిసింది. క్యాలిపర్ల పని ఎప్పుడో ఆగిపోయిందని చెప్పాడు.

"మరి రాకెట్లు చేస్తలేరా సార్?" అని అడిగింది మంగ్లీ.

"చేస్తున్నం. దానికి ఏటేటా పైసలొస్తయి. కాళ్లకు ఎన్నడూ పద్దు లేకుండె. మిగిలిన గుడ్డతోని, సెలవు దినాలల్ల చేసినం."

"దవాఖానోళ్లన్న చేయరా?"

"నేర్సుకుంటమన్నరు, అచ్చులకు పైసలడిగిండ్రు. వాళ్ల ఆరోగ్య శాఖోళ్లు ఆ పని మాది కాదన్నరు. మా శాఖోళ్లు గూడ మాది కాదన్నరు."

ఆయనే వాళ్లను నీళ్ల ట్యాంకులు బాగుచేసే దుకాణానికి తీసుకుపోయి, పగులు మీద గుడ్డ చుట్టించి జిగురు పట్టించాడు. అది ఆరేదాకా మంగ్లీ స్టూలు మీద కాలు వేలాడేసుకుని, వచ్చేపోయే లారీలను చూస్తూ కూర్చుంది.

"ఎన్నేండ్లు ఆగుతది సార్?"

"తెల్వదు మంగ్లీ. ఎన్నేండ్లు ఆగుతదో చూసే పని గూడ ఆపేసిండ్రు."

తిరిగొస్తూ జనగామలో రిలే దీక్షల టెంటు దగ్గర బండి ఆపించింది. మైకు పట్టుకున్న నాయకుడిని, రాష్ట్రమొస్తే ఇట్లాంటి క్యాలిపర్లు చేసేవాళ్లకు పైసలిస్తారా అని అడిగింది. ఆయన ఎగతాళి చేయలేదు. ముందు రాష్ట్రం రానీ చెల్లే అన్నాడు. ఆమె తలూపింది.

రాష్ట్రమొచ్చింది. మరుసటి వానాకాలం అంగన్‌వాడీ మెట్టు మీద క్యాలిపర్ రెండు ముక్కలైంది. శిబిరంలో మళ్లీ ఇనుపదే ఇచ్చారు. ఊరివాళ్లు అలవాటు కొద్దీ పాత పేరుతోనే పిలిచారు.

కొన్నాళ్లకు మహబూబాబాద్ నుంచి దీప అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఆమెదీ ఆ ప్రయోగశాల క్యాలిపరే, చంకలో పాలు తాగే పిల్లాడు. ఎక్కడ బాగుచేస్తారో కనుక్కుందామని వచ్చానంది. మంగ్లీ ఆ క్యాలిపర్‌ను విప్పించి వెలుతురుకు తిప్పి చూసింది. మోకాలి కీలు దగ్గర వెంట్రుక మందాన గీత.

"గిది ఇరుగుతది చెల్లే," అంది. "పిల్లగాన్ని ఎత్తుకొని నడవకు."

దీప క్యాలిపర్ తొడుక్కుంది. మంగ్లీ చేతులు చాచి పిల్లాణ్ని తీసుకుని పక్కనే ఉన్న తల్లి లచ్చికి అందించింది. ముగ్గురూ మెల్లగా బస్సు రోడ్డు వైపు నడిచారు.