ఎలుగుబంటి పుస్తకం ముందు నేనే చదివాను

మా బిడ్డ దుమ్ముగూడెం దగ్గరి చిన్నబడిలో టీచరమ్మ! ఈ రోజు అన్నం డబ్బా మరిచిపోయిందని తీసుకెళ్లాను. పిల్లలకు పుస్తకాలు ఏరి ఇస్తోంది. చేపలు పట్టే ఇంటి పిల్లవాడికి చేపల కథ, ఇప్పపువ్వు ఏరే ఇంటి పాపకు, ఆ పువ్వు తినడానికి వచ్చే ఎలుగుబంటి కథ. సంతోషంతో కళ్లు నిండాయి, కుళ్లుతో కడుపు మండింది. ఐదో తరగతితో ఆగిన నాకు ఎవరిచ్చారు ఇట్లా?

"నాకేది బిడ్డా?" అన్నాను.

"లైన్ల నిలబడు నాయినా!"

ఎలుగుబంటి పాపకు జాలేసింది. "ముందు నువ్వు చదువు తాతా, అక్షరాలు పెద్దగనే ఉన్నయ్. రేపు మాత్రం తెచ్చియ్యాలె."

రెండుసార్లు చదివేశాను. తిరిగి ఇవ్వబుద్ధి కావడం లేదు, కానీ ఇస్తాను. మీకు చిన్నప్పుడు ఎవరైనా ఇట్లా ఏరి ఇచ్చి ఉంటే చెప్పండి, మీ మీద కూడా కుళ్లుకుంటాను!