రాయమల్లు వేసిన బతుకమ్మ బాట

బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన రాయమల్లు, తన పెళ్లాం సమ్మవ్వ బతుకమ్మ ఆడుతుంటే ఒక్కసారైనా చూడలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ వచ్చిందంటే చాలు, గనిలో అందరికీ సెలవు కావాలి. ఒకడింటికి చెల్లెలొచ్చింది, ఇంకొకడింటికి అత్తగారొచ్చింది. "మన రాయమల్లన్న ఉన్నడు గదా!" అని అందరిదీ ఒకటే మాట. కాదనడం ఈయనకు పుట్టుకతోనే రాదు. కాలనీ అంతా తంగేడు పూలతో పచ్చబడుతున్న వేళకు ఈయన తలకు దీపం తగిలించుకుని రెండో షిఫ్టులో భూమిలోకి దిగిపోయేవాడు.

లోపల ఆయన పని, పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం. సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో కౌలు పొలం వదిలి వచ్చినప్పుడు ఆయనకు గుంజ అంటే గొడ్లను కట్టేసేది అని మాత్రమే తెలుసు. తర్వాత గోదావరిఖనిలో అంతటి పనివాడు లేడనిపించుకున్నాడు. ఆయన నిలబెట్టిన గుంజ జారిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఈ సంగతి మీరు అడగకపోయినా ఆయనే చెబుతాడు, రెండుసార్లు.

పంతొమ్మిది వందల తొంభై మూడులో రిటైరయ్యాడు. మెడలో వేసిన దండ తీయకుండానే ఇంటికొచ్చి, "ఇగ ఈ ఏడు సూస్తనే నీ బతుకమ్మ!" అన్నాడు.

సమ్మవ్వ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఏం సూస్తవయ్యా? నేను పోతే గదా! మోకాళ్లు పోయినయ్. గా లారీల రోడ్డు మీద రెండు మైళ్లు నడిసి కుంటకు పోవుడు నాతోని కాదు. ఇంటికాడ్నే కూసుంట."

మెడలో దండతోనే రాయమల్లు గడపలో కూలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా దాచుకున్న ఒకే ఒక్క ముచ్చట. అది కాస్తా చేతికందే సమయానికి మోకాళ్లు అడ్డం పడితే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రాత్రంతా ఆలోచించి తెల్లవారగానే కాలనీ పార్కుకు పోయాడు. పార్కు వెనక చిన్న గుట్ట, గుట్ట అవతల బతుకమ్మలు ఆడి నీళ్లలో వదిలే కుంట. గుట్ట మీదుగా పోతే అర మైలు కూడా ఉండదు, కానీ అంతా రాళ్లూ ముళ్లూ. బాట వేస్తే? తోటమాలి హనుమండ్లును అడిగాడు.

"ముండ్లకంపలు, సీతాఫలం పొదలు కొట్టుకోండ్రి. గుట్ట మీది ఇప్పచెట్టును ముడితే మాత్రం నేనూకోను," అన్నాడు హనుమండ్లు.

రాయమల్లు రిటైరైన దోస్తులను పోగేశాడు. బాయిలో తాళ్లు అల్లిన ఇస్తారి, వాళ్లందరి మీద ఒకప్పుడు సర్దారు పని చేసిన లింగమూర్తి, ఇంకో ఆరుగురు. కూలీ లేదు, నాలీ లేదు. అయినా ఏం సంబరం! పొద్దున ఆరు కొట్టకముందే హాజరు. లింగమూర్తి ఇంట్లో మనవడి బొమ్మ ఈల ఎత్తుకొచ్చి ఊదేవాడు, షిఫ్టు మొదలు. ఇస్తారి టిఫిన్ డబ్బా తెచ్చుకునేవాడు, ఇల్లు కూతవేటు దూరంలోనే ఉన్నా సరే. వాళ్ల పెళ్లాలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

వాలు కొలవడానికి వాళ్ల దగ్గరున్న పనిముట్టు సమ్మవ్వ మోకాలు. పది గజాలు చదును చేయగానే ఆమెను నడిపించేవాళ్లు. ఆమె "అబ్బా" అందంటే అక్కడ మళ్లీ తవ్వాలి. ఊరికే నడిచిందంటే మొరం పోసి గట్టిపడేలా దిమ్మిస కొట్టాలి. మూడోవారానికి ఆమెకు ఈ పెత్తనం బాగా రుచి పట్టింది. నొప్పి లేనిచోట కూడా "అబ్బా" అని రాయమల్లు మొహం చూసి నవ్వేది. గుట్ట మీద ఇప్పచెట్టు కింద ముసలమ్మలు ఆగి ఊపిరి పీల్చుకోవడానికి బాటను కళ్లమంత వెడల్పు చేశారు. అక్కడ మొరం మాత్రం సద్దుల ముందురోజు పోశారు, దిమ్మిస సరిగా కొట్టనేలేదు.

సద్దుల నాడు పొద్దు వాలుతుండగా రెండు వందల మంది ఆడవాళ్లు తాంబాళాల్లో బతుకమ్మలు పేర్చుకుని, నెత్తిన పెట్టుకుని పార్కులోకి వచ్చారు. గునుగు తెలుపు, తంగేడు పసుపు, బంతి ఎరుపు. తొమ్మిది మంది ముసలాళ్లు తెల్ల ధోతులు కట్టుకుని, పెళ్లివారిని ఎదుర్కొనేందుకు వచ్చినట్టు బాట మొదట్లో నిలబడ్డారు. ముందు నడిచింది పక్కింటి ఎల్లక్క. ఇరవై అడుగులు వేసిందో లేదో, ఆమె బతుకమ్మ కొన సీతాఫలం కొమ్మకు తగిలి పైన పెట్టిన పసుపు గౌరమ్మ ఆకుల్లో ఇరుక్కుంది!

"గిదేం బాట అన్నా? మేకలు పోయేటందుకు ఏసిండ్రా?" అని అరిచింది ఎల్లక్క.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. బాయిలో ముప్పై ఏళ్లు నడుం వంచి నడిచిన మనుషులు వీళ్లు. తమ నెత్తికి తగలకుండా కొమ్మలు కొట్టారు, ఆ నెత్తులేమో బయటికొచ్చినా వంగే ఉన్నాయి. నెత్తిన రెండు మూరల బతుకమ్మ ఎక్కుతుందని ఒక్కడికీ తట్టలేదు. లింగమూర్తి అయితే కర్ర పెట్టి మరీ కొలిచి "సరిపోతది" అన్నాడు.

ఆడవాళ్లు ఒకటే నవ్వు. రాయమల్లు మాత్రం పడమటి దిక్కు చూశాడు. పొద్దు దిగిపోతోంది, వీళ్లు వెనక్కి తిరిగితే లారీల రోడ్డే గతి. సమ్మవ్వ అటు నుంచి అటే ఇంటికి పోతుంది.

"గుంజలు తెండ్రి!" అని కేకేశాడు.

అన్ని కొమ్మలూ కొట్టే వేళ లేదు, ఇప్పచెట్టునైతే ముట్టనే కూడదు. ఉరుకులు పరుగుల మీద పంగల కర్రలు వచ్చాయి. ముసలాళ్లు బాటకు అటూ ఇటూ నిలబడి కొమ్మలను పైకి ఎత్తిపట్టారు. అన్నిటికంటే బరువైంది ఇప్పచెట్టు కొమ్మ. దాని కింద రాయమల్లు గుంజ పోటు పెట్టాడు. కొత్త మొరం కదా, గుంజ అడుగు సర్రున దిగబడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దిగింది. సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి గుంజ అడుగును తన భుజానికి ఆనించి, రెండు చేతులా పట్టుకుని తానే నిలబడ్డాడు. కొమ్మ లేచింది. బతుకమ్మలు ఒక్కొక్కటే ఆ కొమ్మ కింద నుంచి దాటసాగాయి.

యాభై దాటాయో లేదో, అవతల కుంట దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. పాట వినబడుతోంది. ఆట కనబడదు. ఇంకా నూటయాభై మంది రావాలి. భుజం తీస్తే కొమ్మ పడుతుంది. రాయమల్లుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఏడు కూడా వినడమే రాసిపెట్టి ఉందనుకున్నాడు.

అంతలో సమ్మవ్వ వచ్చింది. కొమ్మ కిందికి వచ్చి ఆగింది.

"ఇయ్యాల గూడ డ్యూటీ ఎక్కినవా?"

"నువ్వు పోవే. పోయి ఆడు. వీళ్లంత దాటినంక నేనొస్త."

"నువ్వొచ్చుడు నాకెరికే," అంది సమ్మవ్వ. వెనకున్న వరసను చూసింది, మొగుడి వణుకుతున్న కాళ్లను చూసింది. నెత్తి మీది తాంబాళం దించి ఆయన పాదాల ముందు పెట్టింది. "ఎల్లక్కా! అవతలోళ్లను పిలువు. ముందుగాల ఇక్కడ్నే ఆడుదాం. కుంటకు తర్వాత పోవచ్చు."

"మగోడు నడిమిట్ల నిలవడితే ఎట్లాడుదుమే?"

"గాయన మగోడు కాదు, గుంజ!"

గుట్ట గుట్టంతా పకపకలాడింది. రాయమల్లు చుట్టూ బతుకమ్మలు చేరాయి, వాటి చుట్టూ ఆడవాళ్లు చేరారు. సమ్మవ్వ గొంతెత్తింది. ఆమెది అంత మంచి గొంతని ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషికి తెలియదు! వంగింది, చప్పట్లు కొట్టింది, అడుగు మార్చింది. మోకాలు పట్టేసినప్పుడు నవ్వుతూ ఎల్లక్క భుజం పట్టుకుంది, మళ్లీ తిరిగింది.

ఇస్తారి పరుగున వచ్చాడు. "అన్నా, గుంజ నాకియ్యి. నువ్వు పక్కకు పోయి నిమ్మళంగ సూడు."

"పోరా!" అన్నాడు రాయమల్లు. కన్నీళ్లు తుడుచుకోవడానికి ఆయనకు చేయి ఖాళీ లేదు. "గింత దగ్గరికెళ్లి ఎవడన్న సూసిండా?"