లేని ఒంటెకు రంగు

హన్మంతు తాతను ఎక్కడ కూర్చోబెట్టినా నిద్రపోతాడు. పెళ్లి పీటల మీద కూడా కునికాడని భార్య లక్ష్మవ్వ ఇప్పటికీ దెప్పుతుంది. పంతులు మంత్రం ఆపినప్పుడల్లా పెళ్లికొడుకు తల వాలిపోయేదట, మళ్లీ మంత్రం అందుకోగానే లేచేదట. చప్పుడు ఉన్నంతసేపు మెలకువ, చప్పుడు ఆగితే నిద్ర. అలాంటి మనిషి చివరికి కుదురుకున్న ఉద్యోగం దుబాయ్‌లో డ్రైవరు.

దుబాయ్ అంటే అచ్చంగా దుబాయే కానక్కర్లేదు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో, సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. తాత మొదట అబుదాబి బయట మఫ్రఖ్ క్యాంపులో ఉండి సెంట్రింగ్ పని చేశాడు. నడుము పట్టేశాక డ్రైవింగ్ నేర్చుకున్నాడు. లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో తాత చెప్పడు, లక్ష్మవ్వ మరచిపోదు. ఎట్టకేలకు లైసెన్సు చేతికొచ్చాక షార్జాలోని రోలాలో, పదిమంది ఉండే గదిలో ఒక పై మంచం దొరికించుకుని, 2010లో ఒక కాలేజీ కారుకు డ్రైవరుగా ఎక్కాడు.

చెప్పుకోవడానికి పని చిన్నదే. చీకటి విడవకముందే రోలా నుంచి బయలుదేరాలి. దుబాయ్‌లో మిర్దిఫ్ అనే పేటకు వెళ్లి ఇద్దరు అమెరికా టీచర్లను ఎక్కించుకోవాలి. ఎడారి రోడ్డు మీద రాస్ అల్ ఖైమా దాకా తీసుకెళ్లి, అక్కడి శిక్షణ కాలేజీలో దింపాలి. మధ్యాహ్నం దాటాక మళ్లీ వెనక్కి తేవాలి. దారి పొడవునా ఇసుక, కరెంటు తీగలు, అక్కడక్కడ కంచె వెనక ఒంటెలు. చలికాలం వస్తే అవి కూడా కనిపించవు, అంతా పొగమంచే. నిద్రను పెంచి పోషించడానికి అంతకంటే మంచి దారి ఇంకోటి వెయ్యలేరు.

అయినా ఆరేళ్లపాటు తాత కన్ను మూతపడలేదు. ఆ ఇద్దరి నోళ్లే కాపాడాయి.

ముందు సీటులో రస్సెల్. ఓహాయో నుంచి వచ్చిన మెషీన్ల మాస్టరు, తెల్ల మీసాల పెద్దమనిషి. ఆ పేరు నోరు తిరగక తాత ‘రసూల్ సార్’ అనేవాడు. రోలాలో తెలిసిన రసూళ్లు బోలెడుమంది ఉండగా ఇంకొకరు ఎక్కువయ్యారు, అంతే. వెనక సీటులో డోరీన్ మేడమ్. అట్లాంటా నుంచి వచ్చిన ఇంగ్లీషు టీచరు, నల్లజాతి ఆవిడ. ఆవిడ నవ్వితే కారు అద్దాలు గలగలమనేవి.

కారు కదలగానే రస్సెల్ వెనక్కి తిరిగి కూర్చునేవాడు, వాదన మొదలయ్యేది. అమెరికా మళ్లీ పచ్చబడుతోందని ఇద్దరూ ఒప్పుకునేవారు. ఎవరి వాకిట్లో పచ్చబడుతోందన్న దగ్గరే పేచీ. డోరీన్ వాళ్ల అన్న ఇంటి ధర ఏటేటా పెరుగుతోందట, వీధి నిండా కొత్త కాఫీ దుకాణాలట. రస్సెల్ వాళ్ల ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడిందట, బజారులో సగం దుకాణాలకు చెక్కలు కొట్టేశారట. ‘మీ ఊరి పేరు వార్తల్లో రోజూ వస్తుంది, మా ఊరిది వాతావరణంలో కూడా రాదు’ అనేవాడు రస్సెల్. ‘మా వాళ్లను చూసి పోలీసు కారు ఆగినప్పుడు కూడా వస్తుందిలే’ అనేది డోరీన్. తాతకు సగం అర్థం కాకపోయినా, ఆ మాటల వెనక చిన్న నవ్వు వినిపించేది. ఊళ్లో వదినా మరుదుల ఎత్తిపొడుపులు ఇలాగే ఉంటాయి. విని విని తాత ఇంగ్లీషు కూడా నేర్చాడు. అయితే అది దెబ్బలాడుకునే ఇంగ్లీషు. ‘నాన్సెన్స్’ అనేది మర్యాద మాటేనని చాలాకాలం నమ్మాడు.

2015లో ఒక రోజు ఆ నవ్వు తగ్గింది. అమెరికాలో పెళ్లి చట్టం మారిన ఏడాది అది. రస్సెల్ కూతురు ఇంకో అమ్మాయిని పెళ్లి చేసుకుంది. రస్సెల్ వెళ్లలేదు. తాత చెవిన పడ్డది మాత్రం కూతురి పెళ్లి అని, తండ్రి పోలేదని, అంతే. తాత గుండె చెరువయింది. తన బిడ్డ మంజుల పెళ్లికి తానూ పోలేదు. అప్పటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకుని సెలవు లేదన్నాడు. దుబాయ్‌లో ఉన్న తండ్రి బిడ్డ పెళ్లికి పోలేదంటే తాతకు తెలిసిన కారణం ఒక్కటే.

“రసూల్ సార్,” అన్నాడు జాలిగా, “కంపెనీ నో లీవ్?”

రస్సెల్ కిటికీలోంచి ఇసుక వైపు చూశాడు.

“చెప్పు రస్సెల్,” అంది వెనక నుంచి డోరీన్. “సెలవు ఎవరు ఇవ్వలేదో చెప్పు ఆయనకు.”

ఆ మరుసటి ఏడాది అమెరికాలో అధ్యక్షుడి ఓట్లు వచ్చాయి. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారుజాము. అమెరికా వాళ్ల రాత్రంతా తాత కారులోనే గడిచింది. ఇద్దరి చేతుల్లో ఫోన్లు రెండు దీపాల్లా వెలుగుతున్నాయి. మొదట్లో కాస్త మాట్లాడారు, తర్వాత తగ్గారు. కొండలు కనిపించే వేళకు అద్దంలో డోరీన్ కళ్లు తుడుచుకోవడం తాతకు కనబడింది.

“గెలుస్తున్నాయనకు ఒక్క అవకాశం ఇచ్చి చూద్దాం డోరీన్. ఆకాశం ఏమీ విరిగిపడదు,” అన్నాడు రస్సెల్.

“నీ నెత్తిన పడదులే,” అంది డోరీన్.

అంతే. మర్నాటి నుంచి రస్సెల్ చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు. డోరీన్ కళ్లు మూసుకుంది. కారులో చప్పుడు ఆగింది. తాతకు నిద్ర రావడం మొదలైంది.

మామూలు నిద్ర కాదది. కళ్లు తెరిచే ఉండేవి. రోడ్డు మీద తెల్ల గీతలు కొంగల వరుసలా లేచి ఎగిరిపోయేవి. ఇసుక దిబ్బలు మెల్లగా పచ్చబడి, మడులుగా విడిపోయి, మడుల్లో నీళ్లు నిండి, ఆ నీళ్లలో కరెంటు స్తంభాలు తలకిందులుగా నిలబడేవి. ఎవరో మోటరు ఆన్ చేసిన చప్పుడు. తీరా అది వెనక లారీ హారన్. తాత ఉలిక్కిపడి స్టీరింగు గట్టిగా పట్టుకునేవాడు. ఇన్నేళ్లలో కారుకు ఒక్క గీత పడలేదు. ఇప్పుడు మూడు ప్రాణాలు తన రెప్పల మీద వేలాడుతున్నాయి. చెబుదామంటే, నిద్రపోయే డ్రైవరును ఏ కంపెనీ ఉంచుకుంటుంది? చెప్పకుంటే ఏదో ఒక రోజు పొద్దున...

లక్ష్మవ్వకు ఫోను చేశాడు.

“పచ్చి మిరపకాయ కొరుకు,” అంది లక్ష్మవ్వ.

కొరికాడు. కళ్ల వెంట నీళ్లు ధారలు. డోరీన్ చూసి, ‘నువ్వు కూడా ఏడుస్తున్నావా హన్మంతూ’ అని భుజం తట్టి, మళ్లీ కళ్లు మూసుకుంది.

చివరికి రోలా టీ కొట్టు దగ్గర ఉపాయం దొరికింది. గదిలో కింది మంచం వెంకట్రాములు రోజంతా ఫోనులో వార్తలు చూస్తాడు.

“అన్నా, అమెరికోళ్లకు ఇప్పుడు గోడ పేరు దియ్యి సాలు. పక్క దేశపోళ్లు రాకుండ గోడ కడ్తరట. సగం మందికి కావాలె, సగం మందికి వద్దు.”

“గోడకు గింత లొల్లా? సెంట్రింగ్ ఎవలు గొడ్తరట?”

“నువ్వు అడుగు, వాళ్లే జెప్తరు.”

మర్నాడు హైవే ఎక్కగానే తాత గొంతు సవరించుకున్నాడు. “రసూల్ సార్... వాల్, గుడ్?” రస్సెల్ చెవిలో తీగ తీశాడు. తాత అద్దంలోకి చూశాడు. “మేడమ్... వాల్, నో గుడ్?”

ఇక చూసుకోండి. రాస్ అల్ ఖైమా దాకా కారు పగిలిపోయేలా అరుచుకున్నారు. తాత తలస్నానం చేసినవాడిలా తేటగా దిగాడు. ఆ రుచి మరిగి రోజుకొకటి అందించాడు. ఒకరోజు తుపాకులు, ఒకరోజు వీసాలు. అగ్గిపుల్ల గీసి పక్కన పెట్టినంత సులువు. కానీ ఈసారి అరుపుల వెనక ఆ పాత నవ్వు లేదు. తాత అది గమనించాడు, గమనించనట్టే ఉన్నాడు. మెలకువగా ఉండడం అంత తియ్యగా ఉంది మరి.

వారం తిరక్కుండానే కాలేజీలో బండ్ల వ్యవహారం చూసే బాలసుబ్రహ్మణ్యం పిలిచాడు. కాకినాడ మనిషి, ఎప్పుడూ చేతిలో కాఫీ కప్పుతో ఉంటాడు.

“హన్మంతూ, వచ్చే నెల నుంచి డోరీన్ మేడమ్‌కి వేరే బండి కావాలంటన్నారయ్యా. ఆవిడ రాసిచ్చేశారు. ఒక్క సారు కోసం అంత బండీ, ఓ డ్రైవరూ ఎందుకని మన పై మేనేజరు, ఆ ముదీర్ అడుగుతున్నాడు. నీ వయసు కూడా చూశాడు. ఖలాస్ చేసి ఇంటికి పంపేస్తారేమో.”

“నేనేం జేసిన సార్?”

“నువ్వేం చేశావు పాపం. అమెరికా చేసింది.”

తాత తల దించుకున్నాడు. అమెరికా చేతికి అగ్గిపుల్ల ఎవరు ఇచ్చారో తాతకు తెలుసు.

ఇక నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఉన్న నాలుగు రోజులూ క్షేమంగా దింపితే చాలు. ఆ పొద్దున పొగమంచు కారు ముక్కు దాకా వచ్చి నిలబడింది. తాత కుడి పక్క వరసలో మెల్లగా పోనిస్తున్నాడు. రస్సెల్ చెవుల్లో తీగలు. డోరీన్ కళ్లు మూసుకుని ఉంది. మిరపకాయ కొరికినా నాలుకకు కారం తెలియలేదు. మంచు లోపల ఎక్కడో కోడి కూసినట్టయింది. దీపాల వెలుగులో రోడ్డు గట్టులా సన్నబడింది. గట్టు మీద ఆకుపచ్చ చీర. నెత్తిన సద్ది మూట పెట్టుకుని లక్ష్మవ్వ అడ్డంగా నడిచి వస్తోంది. తల తిప్పి, ‘ఏందయ్యా, నిలవడవా?’ అన్నట్టు చూసింది.

తాత బ్రేకు మీద నిలబడ్డాడు.

కారు కీచుమని అరిచి, కొంచెం పక్కకు తిరిగి, రోడ్డు అంచున గులకరాళ్లలో ఆగింది. రస్సెల్ ఫోను ఎగిరి అద్దానికి తగిలింది. డోరీన్ ముందు సీటును రెండు చేతులా వాటేసుకుంది.

“ఒంటెనా?” అన్నాడు రస్సెల్.

అబద్ధం ఆడడానికి కూడా తాతకు తెలివి లేదు. “నో సార్,” అన్నాడు. “వైఫ్.”

డోరీన్ కిటికీలోంచి మంచులోకి తొంగి చూసింది.

“నీ భార్య ఇండియాలో కదా ఉంది?” అంది డోరీన్ నెమ్మదిగా.

“యెస్ మేడమ్.”

“మరి ఇక్కడ ఏం చేస్తోంది?”

“టిఫిన్ బ్రింగింగ్, మేడమ్.”

ముందు రస్సెల్ మీసం కదిలింది. తర్వాత వెనక నుంచి ఆ నవ్వు వచ్చింది, అద్దాలు గలగలమనే నవ్వు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఒకరినొకరు చూసుకుని మళ్లీ నవ్వారు. తాత మాత్రం స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. ఏడుస్తూనే ఉన్న ఇంగ్లీషంతా బయటపెట్టాడు. “సార్, మేడమ్. యూ టాక్, ఐ నో స్లీప్. యూ నో టాక్, ఐ స్లీప్. వాల్ ఐ డోంట్ నో సార్. వాల్, ఓన్లీ ఫర్ నో స్లీప్.”

నవ్వు ఆగింది. రస్సెల్ చెవి తీగలు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత మొదటిసారి వెనక్కి తిరిగాడు.

“మన పోట్లాటతో ఈయన బతుకుతున్నాడట,” అన్నాడు.

“పోట్లాడకపోతే మనం చస్తామట,” అంది డోరీన్.

కారులో ఒక డబ్బా ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే అది ఆఫీసుకు చాడీ చెబుతుంది. ఆ మధ్యాహ్నం బాలసుబ్రహ్మణ్యం తాతను పిలిచి తలుపు మూశాడు.

“ఇద్దర్నీ విడివిడిగా అడిగానయ్యా. ఒంటె అడ్డమొచ్చిందన్నారు. నువ్వు బ్రేకు కొట్టకపోతే ముగ్గురూ పోయేవారన్నారు. బానే ఉంది. కానీ సారేమో తెల్ల ఒంటె అంటన్నారు. మేడమేమో గోధుమరంగంటారు, పక్కన పిల్ల కూడా ఉందట. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏ రంగు?”

తాత కళ్ల ముందు ఇంకా ఆ చీరే ఆడుతోంది. “ఆకుపచ్చ, సార్,” అన్నాడు.

బాలసుబ్రహ్మణ్యం కాఫీ కప్పు కింద పెట్టాడు. తాత ముఖం చాలాసేపు చూశాడు.

“రాత్రిళ్లు పడుకుంటున్నావా హన్మంతూ?”

“గదిల పది మందిమి సార్. ఒకడు పంటే ఒకడు లేస్తడు.”

“మిర్దిఫ్‌లో మన స్టాఫ్ గది ఖాళీగా ఉంది. అక్కడికి మారిపో. ఇంకో గంట నిద్ర కలిసొస్తుంది. మళ్లీ పచ్చ ఒంటె కనపడిందో, తాళాలు నాకిచ్చేయాలి.” లేచి తలుపు తీస్తూ ఆగాడు. “అన్నట్టు, మేడమ్ వేరే బండి వద్దన్నారు. ఆ సారుకి ఒంటె రంగే తెలీదు, ఎవరో ఒకరు పక్కనుండి చూసుకోవాలట.”

తిరుగు ప్రయాణంలో మంచు లేదు. ఎండ ఇసుక మీద తేనెలా పరుచుకుంది. రస్సెల్ వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

“తెల్లది,” అన్నాడు.

“కళ్లజోడు మార్చుకో. గోధుమరంగు,” అంది డోరీన్. “పిల్ల కూడా ఉంది.”

“లేని ఒంటెకు పిల్ల ఎక్కడిది?”

“లేని ఒంటెకు తెలుపు ఎక్కడిది?”

ఆ ఒంటె తర్వాత ఎన్నాళ్లో వాళ్ల మధ్య నడిచింది. ఓట్ల మాట వచ్చి గొంతులు పదునెక్కిన రోజుల్లో ఎవరో ఒకరు దాన్ని తోలుకొచ్చేవారు. ఒప్పుకున్నది మాత్రం ఎవరూ ఏమీ లేదు. ఆ ఎండాకాలం మిర్దిఫ్‌లో దిగుతూ రస్సెల్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “హన్మంతూ, కంపెనీ లీవ్, యెస్. కూతురి దగ్గరికి వెళ్తున్నాను,” అన్నాడు. పాపం, సారుకు ఇన్నాళ్లకు సెలవు దొరికిందని తాత ఎంతో సంతోషించాడు. డోరీన్ వెనక సీటులోంచి ఏమీ దిద్దలేదు.

బ్రేకు వేసిన రోజు సాయంత్రమే తాత లక్ష్మవ్వకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాడు.

“వీసా లేకుండనే నన్ను దుబాయ్ పిలిపిచ్చుకున్నవన్నట్టు,” అంది లక్ష్మవ్వ. “గంత సలిల, నడి రోడ్డు మీద. నీకు సిగ్గుండాలె. ఇంతకు మూటల ఏం తెచ్చిన?”

“ఏమో. ఇప్పక ముందే బ్రేకేసిన.”

అవతల కాసేపు చప్పుడు లేదు. తాతకు కళ్లు మూతలు పడుతున్నాయి.

“అయితే ఇప్పుడు పండి ఇప్పి సూడు,” అంది లక్ష్మవ్వ. “మంచం మీద పండి. రోడ్డు మీద గాదు.”